పొగే లేదు కదా అవ్వా

ఇంజను ఆగలేదు, వింటూనే ఉన్నాను, ఈ బడి ఆటల హాలుకి కిటికీలు ఎక్కడో పైన ఉంటాయి కాబట్టి బయటేముందో కనపడదు కానీ గోంబో జీపు గుర్రుగుర్రుమంటూనే ఉంది, ఈ మైనస్ ముప్పై చలిలో కాసేపు ఆపితే చాలు బండి బిగుసుకుపోతుంది, మళ్ళీ కదలాలంటే కింద మంట పెట్టి గంటసేపు కాచాలి, అందుకే మా ఉలాన్‌బాతర్‌లో వెంటనే బయల్దేరే మనిషెవడూ ఇంజను ఆపడు. అంటే వెళ్ళిపోతాడన్నమాట. పన్నెండింటికి మీటింగు అయిపోగానే ఖులన్‌ని ఎక్కించుకుని వెళ్ళిపోతాడు. ఖులన్ ఇదిగో మూడో వరసలో వాళ్ళమ్మ సర్నై ఒళ్ళో కూర్చుని ఉంది, ఐదేళ్ళ పిల్ల, ముక్కు దాకా ఎర్ర మఫ్లరు చుట్టి, ప్రయాణానికి తయారుచేసి తీసుకొచ్చారు, మఫ్లరుకి ముళ్ళ మీద ముళ్ళు వేసింది సర్నై, దారిలో ఊడిపోకూడదని కాబోలు. గోంబో సర్నైకి బావగారు, మొగుడి అన్న. తలుపు పక్కనే నిలబడ్డాడు, తోడేలు తోలు టోపీ చేత్తో పట్టుకుని. నాలుగొందల కిలోమీటర్ల అవతల గొర్రెల మందల దగ్గరికి తీసుకుపోతాడట, తల్లి చేతిలో పిల్లకి భద్రత లేదట, అత్తని చంపిన మనిషట. అలా అనేశాడు, వీధంతా వినేట్టు. గుడారం పైకంత మూసే ఆ తాడు మొదట లాగింది సర్నై కాదని తెలిసినదాన్ని ఈ హాల్లో నేనొక్కదాన్నే, ఐదో వరసలో, వార్డు ఆఫీసు బ్యాడ్జీ పెట్టుకుని, నోట్లో బెల్లం ముక్క ఉన్నట్టు కూర్చున్నాను.

"మన వార్డులో ఎనభై రెండు శాతం మంది," అంటున్నాడు వేదిక మీద చులూన్ గారు, మా వార్డు పెద్ద, "వాయు కాలుష్యం తగ్గించడానికి ప్రభుత్వం తీసుకున్న చర్యల మీద సంతృప్తి వెలిబుచ్చారు." తెర మీద గుండ్రటి బొమ్మ, అందులో ముప్పాతిక పైగా ఆకుపచ్చ. నా పక్కన కూర్చున్న మా వీధి దవా మోచేత్తో పొడిచింది, "ఏమే నొమిన్, నేను తిట్టిన తిట్లన్నీ ఏ రంగులో ఉన్నాయే?" అంది. ఏం చెప్పను, నీ తిట్లు కూడా ఆకుపచ్చలోనే ఉన్నాయి తల్లీ అననా. దవా ఆరోజు గేటు తియ్యకుండానే తిట్టింది, వాళ్ళకి మేడలు, వేడి గొట్టాలు, మాకు ఈ నల్ల బొగ్గు ముద్దలా, పొగ తగ్గించమంటే మనుషుల్ని తగ్గిస్తారా అని, కుక్క కూడా ఆవిడతో పాటే మొరిగింది. అసంతృప్తి అని రాస్తే కారణాల కాగితం ఇంకొకటి నింపాలి, పదకొండు ప్రశ్నలు, ఆ చలిలో పెన్ను గడ్డకడుతుంది కాబట్టి మేమంతా పెన్సిళ్ళే వాడతాం, చేతి తొడుగు తీస్తే వేళ్ళు కొంకర్లు పోతాయి, పైగా కారణాల కాగితాలు ఎక్కువైతే ఆఫీసులో అడుగుతారు, ఏమ్మా నీ వీధుల్లోనే ఇంత ఏడుపేంటి, నీకు అడగడం చేతకాదా అని. పెన్సిలు కదా, ఓ చిన్న టిక్కు, సంతృప్తి. అలా ఇల్లిల్లూ తిరిగి నేను ప్రజాభిప్రాయం సేకరించాను. సేకరించానా, వండానా.

అబద్ధమే చెప్పానని కూడా కాదు, అదే కదా తంటా. నేను నిజంగా సంతృప్తి పడ్డదాన్నే. మా తెముజ్‌కి మూడేళ్ళప్పుడు ఆ పొగ గుర్తుందా, గుర్తులేకపోవడమేంటి, పచ్చి బొగ్గు రోజులు, సాయంత్రం నాలుగైతే గుట్ట మీది మా గుడారాలన్నింటి గొట్టాల్లోంచీ లేచిన పొగ కిందికి దిగి చేతికందే దూరంలో మనిషి కనపడేవాడు కాదు, పిల్లాడి దగ్గు ఆగేది కాదు, ఆసుపత్రి నడవాలో మంచానికి ముగ్గురు పిల్లలు, వాడి పెదాలు నీలంగా మారిన రాత్రి నేను మొక్కని దేవుడు లేడు. కింద మేడల్లో ఉండేవాళ్ళు ఏమనేవారు, గుడారాల వాళ్ళే ఊరిని చంపుతున్నారు, టైర్లు కాలుస్తారు, చెత్త కాలుస్తారు, వాళ్ళని తరిమెయ్యాలి అనేవారు, బస్సులో నా కోటుకి పట్టిన పొగ వాసనకి ఓ అమ్మాయి ముక్కు మూసుకుని లేచి వెళ్ళి నిలబడింది, నాకు ఇప్పటికీ ఆ అమ్మాయి నీలం బూట్లు గుర్తే. తర్వాత పచ్చి బొగ్గు నిషేధించారు, సంచుల్లో ఈ నొక్కిన బొగ్గు ముద్దలు వచ్చాయి. పొగ సగానికి పోయింది. తెముజ్ దగ్గు పోయింది. కొండల మీద చుక్కలు కనిపించాయి, మా ఆయన బయటికి పిలిచి చూపించాడు, పిచ్చివాడిలా నవ్వాడు. అందుకని ఎవరైనా ఆ ముద్దల్ని తిడితే నాకు ఒళ్ళు మండేది, విశ్వాసం లేని మనుషులు అనుకునేదాన్ని. తలనొప్పి అంటే వయసు అనుకున్నాను. వాంతులంటే మాంసం పాడైందేమో అనుకున్నాను. ఆఫీసులో అరగంట పాఠం చెప్పారు, నిజమే, ఈ ముద్దలు కంటికి కనపడని విషగాలి వదులుతాయి, పైకంత మీది పట్టా పావు వంతైనా తీసి ఉంచాలని చెప్పారట, నేను ఆరోజు తెముజ్ టీకా అని ఆలస్యంగా వెళ్ళాను, ఆఖర్న పంచిన మిఠాయి మాత్రం తిన్నాను. వాళ్ళిచ్చిన కరపత్రాలు ఇంటికొకటి చొప్పున పంచాను. చదవలేదు. పంచేవాళ్ళు ఎక్కడైనా చదువుతారా.

కోటు జేబులో వేళ్ళకి తగులుతోంది, ఎండు పెరుగు ముక్క, దుల్మా అవ్వ పెట్టింది. ఇన్నాళ్ళుగా అలాగే ఉంది, తినలేను, పారెయ్యలేను. సర్నై అత్తగారే దుల్మా అవ్వ, మోకాళ్ళు వాచి గడప దాటలేని మనిషి, ఆరోజు మధ్యాహ్నం నేను ఫారాల సంచీతో వెళ్తే ముందు ఉప్పు టీ తాగితే కానీ ఒక్క ప్రశ్నకీ జవాబు చెప్పనంది. సర్నై లేదు, నీళ్ళకి వెళ్ళింది. గుడారం మధ్యలో పొయ్యి, పైన పట్టా బార్లా తీసి ఉంది, కంతలోంచి ఆకాశం, మంచు పొడి పొయ్యి మీద పడి చుర్రుమంటోంది. "చూడవే అమ్మాయ్," అంది, "మా కోడలు పిల్ల నీ కాగితం చదివి పట్టా తీసే ఉంచాలంటుంది. ఇదేం చలి, ఎముకలు కొరికేస్తోంది. మా కాలంలో మంట ఎర్రబడి పొగ పోగానే లాగేసేవాళ్ళం, పొద్దున దాకా వెచ్చగా ఉండేది." నేనేమన్నాను. నేను నవ్వాను. నవ్వి, పెద్ద తెలిసినదానిలా, "పొగే లేదు కదా అవ్వా, ఇంక భయమేంటి, శుభ్రంగా మూసుకుని పడుకో," అన్నాను. మేమంతా పొగని చూసే బతికాం మరి, మా అమ్మా అంతే, అమ్మమ్మా అంతే, కళ్ళు మండితే పట్టా తీస్తాం, మండకపోతే మూస్తాం, విషమనేదుంటే అది కంటికి కనపడుతుంది, గొంతు పట్టుకుంటుంది, దగ్గించి లేపుతుంది. లేపకుండా చంపేది ఒకటుంటుందని ఎవరనుకున్నారు. అవ్వ ముఖం వెలిగిపోయింది. "ఆఫీసు అమ్మాయివి నువ్వే చెప్పావు, ఇంక మా పిల్ల నోరెత్తదు, పోతూ పోతూ ఆ తాడు కాస్త లాగి పోవే," అంది, ఓ ఎండు పెరుగు ముక్క నా జేబులో కుక్కింది. నేను ప్రశ్నలడిగాను. ప్రభుత్వ చర్యల మీద మీ అభిప్రాయం ఏమిటి అవ్వా. అవ్వ ఆలోచించింది, "పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉంటోంది అని రాయి," అంది. పట్టా తీసి ఉండగానే అంత దిమ్ము, అప్పుడైనా బుర్రకి తట్టొద్దూ. దానికి గడి లేదు. ఐదు గడులున్నాయి, చాలా సంతృప్తి నుంచి చాలా అసంతృప్తి దాకా, తల దిమ్ముకి గడి ఎక్కడుంది. సంతృప్తి మీద టిక్కు పెట్టాను. బయటికొచ్చి తాడు పట్టుకుని లాగాను, ఉన్ని పట్టా గడ్డకట్టి ఉంది, రెండు చేతులా గట్టిగా లాగాల్సి వచ్చింది, కంత మూసుకుంది, తాడు కొస మేకుకి ముడేశాను. మంచిపని చేశాననుకుంటూ పక్కింటికెళ్ళాను.

నాలుగో రోజు పొద్దున సర్నై బేకరీలో రాత్రి పని ముగించుకుని, వేడి రొట్టె కోటు లోపల పెట్టుకుని, ఖులన్‌ని ఎత్తుకుని వచ్చి తలుపు తీసింది. రొట్టె అవ్వకని. ఆ రొట్టె గుమ్మంలో పడి అలాగే ఉండిపోయిందని దవా చెప్పింది. అవ్వ బుగ్గలు గులాబీ రంగులో ఉన్నాయట, నిద్రపోతున్నట్టే ఉందట. అంత్యక్రియలకి వచ్చిన గోంబో మొదటిరోజు ఏడ్చాడు, రెండోరోజు లెక్కలు తీశాడు, అమ్మ గడప దాటలేదు కదా, బయట తాడు లాగిందెవరు, ఎవరు లాగారు. సర్నై నేనే అంది. నిజమే కదా, ఆ రాత్రి లాగింది తనే. రోజూ పిల్లని బేకరీకి తీసుకెళ్ళదు, ఆ రాత్రి ఖులన్ చంక దిగనని పేచీ పెడితే తీసుకెళ్ళి పిండి బస్తాల మీద పడుకోబెట్టింది, అంతే, ఇంక చూడండి, "పిల్లని తీసుకెళ్ళింది, ముసల్దాన్ని మూసేసి వెళ్ళింది," అన్నాడు గోంబో. ఎంత మాట. ఆ మాటకి కాళ్ళొచ్చి వీధి వీధీ తిరిగింది. మొగుడు దక్షిణాన గనుల్లో పనిచేస్తాడు, వచ్చి వారం ఉండి వెళ్ళిపోయాడు, ఫోన్లో అన్నయ్య ఎలా అంటే అలా అన్నాడు, నోట్లో నాలుక లేని సన్నాసి. అవ్వ చావు మీద ఆఫీసు కాగితంలో ఒక్క వాక్యం, సూచనలు పాటించని కుటుంబ సభ్యుల అజాగ్రత్త. ఆ కాగితానికి నకలు తీసింది నేనే. మిషను వేడిగా ఉంది, కాగితం వేడిగా చేతికొచ్చింది.

పంతొమ్మిది రోజులు. పంతొమ్మిది రోజుల నుంచీ మా ఇంట్లో పట్టా బార్లా తీసే పడుకుంటున్నాం, తెముజ్ దుప్పట్లో ముడుచుకుని అమ్మా చలి అంటే గాలి మంచిదిరా అంటున్నాను. నా పిల్లాడి దగ్గరికొచ్చేసరికి తెలిసొచ్చింది, వీధికి చెప్పానా? దవాకి చెప్పానా? మళ్ళీ కరపత్రాలు పంచాం, ఈసారి ఎర్ర అక్షరాలతో, పంచుతూ ఎవరి మొహమూ చూడలేదు. నోరు తెరిస్తే తాడు బయటికొస్తుందని. ఉద్యోగం పోతుందని కాదు. అబద్ధం, అదీ ఉంది. ఉద్యోగం పోతుంది, పోలీసులు పిలుస్తారు, గోంబో లాంటివాడు నా గుమ్మం ముందు నిలబడి అరుస్తాడు, తెముజ్ వింటాడు. తిలాపాపం తలా పిడికెడు అని ఎన్నిసార్లు సర్ది చెప్పుకున్నానో, బొగ్గు ముద్దలు చేసినవాళ్ళది ఓ పిడికెడు, పాఠం అరగంటలో ముగించినవాళ్ళది ఓ పిడికెడు, పొయ్యి గొట్టం అతుకు బిగించనివాళ్ళది ఓ పిడికెడు, నాదీ ఓ చిటికెడు. మరి ఆ మొత్తం తీసుకెళ్ళి ఒక్క సర్నై నెత్తిన ఎందుకు పోశారే. మొన్న నీళ్ళ కొట్టం దగ్గర కలిసింది, డబ్బా నింపుకుని పక్కకి జరిగి నిలబడింది, వెళ్ళలేదు, నా డబ్బా నిండేదాకా నా మొహంలోకే చూస్తూ నిలబడింది. నేనేమన్నాను, "ఈసారి చలి ఎక్కువగా ఉంది కదూ," అన్నాను. "ఉందక్కా," అంది. డబ్బా బండి మీదికెత్తుకుని వెళ్ళిపోయింది. సిగ్గులేని దాన్ని, చలి గురించి మాట్లాడాను, ఎవరితో మాట్లాడుతున్నాను, దేని గురించి మాట్లాడుతున్నాను.

పన్నెండుకి పది నిమిషాలుంది. బాస్కెట్‌బాల్ బుట్ట కింద పెద్ద గడియారం, దానికి జాలీ కట్టారు బంతి తగలకుండా. "ఇప్పుడు సభాముఖంగా ఓసారి తెలుసుకుందాం," అన్నాడు చులూన్ గారు, "ప్రభుత్వ కృషితో సంతృప్తిగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి." చేతులు లేచాయి, ముందు వరసలో టపటపా, వెనక నెమ్మదిగా, పక్కవాణ్ణి చూసి పక్కవాడు. దగ్గు తగ్గిందని ఎత్తినవాళ్ళున్నారు, నిజంగానే ఎత్తినవాళ్ళు, వాళ్ళనేమంటాం. దవా ఎత్తలేదు, "నా చెయ్యి నొప్పి," అంది గట్టిగా, ఇద్దరు ముగ్గురు నవ్వారు. మూడో వరసలో సర్నై చెయ్యి లేచింది. బేకరీ పొయ్యికి కాలి మచ్చలు పడ్డ చెయ్యి. ఎందుకే? చేతులెత్తితే ఆఫీసు వాళ్ళు మంచిదనుకుంటారనా, మంచిదనుకుంటే ఓ మాట చెబుతారనా, పిల్లనుంచుతారనా. వాళ్ళమ్మని చూసి ఖులన్ కూడా తొడుగున్న చిన్న చెయ్యెత్తింది. లెక్కపెట్టే కుర్ర గుమాస్తా ఆ వరస దగ్గర వేలు ఆడించుకుంటూ పోయాడు, ఆ చిన్న చేతిని కూడా లెక్కలో వేశాడేమో, వేసే ఉంటాడు. నా చెయ్యి ఒళ్ళోనే ఉంది. "అసంతృప్తిగా ఉన్నవాళ్ళు?" అన్నాడు చులూన్ గారు కాగితాలు సర్దుకుంటూ, చూడకుండానే. అప్పుడు లేచాను. చెయ్యి కాదు, నేనే లేచాను, కుర్చీ కిర్రుమంది.

"ఓ, మన నొమిన్," అన్నాడాయన, "మూడొందల ఇళ్ళు తిరిగి అభిప్రాయాలు తెచ్చింది ఈవిడే, చప్పట్లు కొట్టండి." కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా నిలబడాల్సి వచ్చింది, అంతకంటే చెంపదెబ్బలు నయం. బయట ఇంజను గుర్రుమంటోంది. గోంబో టోపీ పెట్టుకుంటున్నాడు.

"దుల్మా అవ్వ ఇంటి తాడు మొదట లాగింది నేను," అన్నాను. "సర్నై పట్టా తీసే ఉంచుతోంది. అవ్వ చలి అంటే నేనే మూసుకోమన్నాను. పొగే లేదు కదా, భయమేంటి అన్నాను. తల దిమ్ముగా ఉందని అవ్వ చెబితే సంతృప్తి అని రాశాను. ఆ ఎనభై రెండులో అవ్వ కూడా ఉంది."

ఎవరో ముక్కు చీదారు. చులూన్ గారు మైకు దగ్గరికి వంగి, "నొమిన్, ఇది ఇవాళ్టి విషయాల్లో లేదు, ఏదైనా ఉంటే ఫిర్యాదు ఫారం నింపి ఇవ్వండి," అన్నాడు.

"ఆ ఫారాలు నింపేది నేనేనండి," అన్నాను.

గోంబో తలుపు దగ్గర్నుంచి రెండడుగులు ముందుకేశాడు. టోపీ కింద మొహం ఎర్రగా ఉంది. "నువ్వు చెప్పావా? నువ్వు చెబితే మా అమ్మ మూయించిందా?" అన్నాడు. అవును అన్నాను. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను. కొట్టలేదు. నా వైపు నుంచి చూపు తీసి సర్నై వైపు చూశాడు, "నీకు తెలుసా ఇది?"

సర్నై లేవలేదు. పిల్ల తల మీద చెయ్యేసుకుని వేదిక వైపే చూస్తూ చెప్పింది, "తెలుసు బావగారూ. అత్తయ్య ఆ సాయంత్రమే చెప్పింది, ఆఫీసు అమ్మాయే మూసుకోమంది, ఇంక నీ కాగితం పొయ్యిలో పెట్టు అని నవ్వింది. నేను చెబితే నమ్మేవారా? చచ్చినావిడ మీదా, ఊళ్ళో మంచిపేరున్న ఆవిడ మీదా తోసేస్తున్నాననరూ?" ఆగింది. "ఆవిడే చెప్పాలి. నీళ్ళ దగ్గర కూడా నిలబడ్డాను. చలెక్కువగా ఉందంది."

నేను కూర్చోలేకపోయాను. దవా నా కోటు అంచు పట్టుకుంది, లాగడానికో నిలబెట్టడానికో తెలీదు. గోంబో వెనక్కి తిరిగి తలుపు తోసుకుని బయటికెళ్ళాడు, తలుపు తెరిచిన చోట నేల మీద తెల్లటి ఆవిరి లోపలికి పాకింది. చులూన్ గారు మైకు మీద వేలితో తట్టి, సభ ముగిసింది అన్నాడు. ఎవరూ లేవలేదు. అందరం వింటున్నాం. చాలాసేపు ఆ గుర్రుగుర్రు అలాగే ఉంది.

తర్వాత ఇంజను ఆగింది.

"ఆపేశాడే," అంది దవా గొణుగుతున్నట్టు. సర్నై వంగి ఖులన్ మెడ దగ్గర మఫ్లరు ముళ్ళు ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టింది. "జీపెక్కమా అమ్మా?" అంది పిల్ల. సర్నై నా వైపు చూడలేదు, ఇంకో ముడి విప్పింది.